హెల్సింకి కోర్సులో మా ల్యాబు లెక్క

ఏఐ నేర్పుతామంటూ ఫోను తెరిస్తే చాలు, ప్రకటనలు మీద పడుతున్నాయి. మూడు గంటల్లో నిపుణులను చేస్తామని ఒకరు, వంద ప్రశ్నల పీడీఎఫ్ ఉచితమని ఇంకొకరు. అందులో నేర్పేదల్లా యంత్రాన్ని ఏ మాటలతో అడగాలో. అది ఇచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలో చెప్పే నాథుడు లేడు. నాకు కావలసింది ఆ రెండోది. అది దొరికిన చోటు ‘ఎలిమెంట్స్ ఆఫ్ ఏఐ’. హెల్సింకి విశ్వవిద్యాలయం, రియాక్టర్ అనే ఫిన్లాండ్ సాంకేతిక సంస్థ కలిసి 2018లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కోర్సు ఇది. పైసా ఖర్చు లేదు. సర్టిఫికెట్‌కు కూడా డబ్బు అడగరు.

నేను ఒంగోలులో ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో టెక్నీషియన్‌ని. ప్రోగ్రామింగ్ రాదు, నేర్చుకునే ఓపికా లేదు. ఈ కోర్సు అసలు నాలాంటివారి కోసమే పుట్టింది. ఫిన్లాండ్ జనాభాలో ఒక శాతం మందికైనా ఏఐ అంటే ఏమిటో తెలియాలన్నది మొదటి లక్ష్యం. అందుకే కోడ్ ఒక్క ముక్క ఉండదు. కాగితం, పెన్ను, కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

మొత్తం ఆరు అధ్యాయాలు. మొదటిదాంట్లో ఏది ఏఐ, ఏది కాదు అని గుర్తుపట్టమంటారు. మొత్తాలు కూడే స్ప్రెడ్‌షీట్, దారి చూపే జీపీఎస్, పాటలు సిఫార్సు చేసే యాప్ అన్నీ పక్కపక్కనే పెట్టి అడుగుతారు. కొన్నింటికి అవుననీ కాదనీ వాదించవచ్చని వాళ్లే ఒప్పుకోవడం నాకు నచ్చింది. రెండో అధ్యాయంలో నక్కనూ కోడినీ కోడి దాణానూ పడవలో ఏరు దాటించే పొడుపు లెక్క ఉంది. మనం చిన్నప్పుడు పులి, మేక, గడ్డిమోపు అని చెప్పుకున్నదే. కానీ ఇక్కడ జవాబు చెప్పి ఊరుకోనివ్వరు. పడవ నడిపేవారితో సహా ఎవరు ఏ ఒడ్డున ఉండవచ్చో రాసుకుంటే మొత్తం పదహారు స్థితులు వస్తాయి. ఒకదాన్నొకటి తినేసే ఆరింటిని కొట్టేస్తే పది మిగులుతాయి. ఆ పదింటి మధ్య దారి వెతకడమే యంత్రం చేసే పని, ఏడుసార్లు ఏరు దాటితే తెమిలిపోతుంది. తెలివి అనుకున్నది కాస్తా ఓపికగా వెతకడమని కళ్లెదుట కనిపిస్తుంది.

నేను ఎక్కువసేపు ఆగింది మూడో అధ్యాయం దగ్గర. సంభావ్యత, బేయస్ సూత్రం, అంటే కొత్త ఆధారం దొరికినప్పుడు మన పాత అంచనాను ఎంత మార్చుకోవాలో చెప్పే లెక్క. మొదటి ఉదాహరణ హెల్సింకి వానలు. ఏడాదిలో 206 రోజులు వాన పడుతుందట. మా ఊళ్లో నల్లమబ్బు కనిపిస్తేనే వీధంతా ఆకాశం వైపు చూస్తుంది కాబట్టి అది నన్ను పెద్దగా కదిలించలేదు. ఆ తర్వాత వచ్చింది మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) లెక్క.

వంద మంది మహిళల్లో ఐదుగురికి రొమ్ము క్యాన్సర్ ఉందనుకుందాం. జబ్బు ఉన్నవారిలో నూటికి ఎనభై మందిని పరీక్ష పట్టుకుంటుంది. లేనివారిలో కూడా నూటికి పది మందికి పాజిటివ్ చూపిస్తుంది. ఈ అంకెలు సౌలభ్యం కోసం కల్పించుకున్నవని కోర్సే చెబుతుంది. ఇప్పుడు ఒకరికి పాజిటివ్ వచ్చింది. ఆమెకు నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత?

మా ల్యాబులోని జూనియర్ కుర్రాడిని అడిగాను. “ఎనభై శాతం కదా మేడమ్!” అన్నాడు తడుముకోకుండా. కోర్సులో దీన్ని ఆడ్స్ పద్ధతిలో చేయిస్తారు, కోడిపందేల బరి దగ్గర ఒకటికి రెండు అని కాస్తారే, ఆ లెక్క. జబ్బు ఉన్నవారు, లేనివారు 5కి 95. పాజిటివ్ రావడం ఉన్నవారిలో నూటికి ఎనభై, లేనివారిలో పది, అంటే ఎనిమిది రెట్లు. ఆ 5ను ఎనిమిది రెట్లు చేస్తే 40కి 95. నేను వాడికి అలా చెప్పలేదు. పాత రసీదు వెనక వెయ్యి మందిని వేసి చూపించాను. వెయ్యిలో జబ్బు ఉన్నవారు 50 మంది, వారిలో పాజిటివ్ 40. జబ్బు లేనివారు 950 మంది, వారిలో పాజిటివ్ 95. మొత్తం పాజిటివ్‌లు 135, అందులో నిజమైనవి 40. అంటే నూటికి ముప్పై కూడా కాదు. వాడు రసీదు తీసుకుని మళ్లీ కూడుకున్నాడు. తర్వాత తలెత్తి, “అయితే మన విడాల్ కూడా ఇంతేనా మేడమ్?” అన్నాడు.

సరిగ్గా అక్కడికే రావాలి. విడాల్ అంటే టైఫాయిడ్ యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష. జ్వరం వస్తే దాన్ని చేయించుకోవడం మన ఊళ్లలో మామూలు. పాత జ్వరం మిగిల్చిన యాంటీబాడీలకూ, టీకాకూ, కొన్ని వేరే జ్వరాలకూ కూడా అది స్పందించవచ్చు. ఒక్క విడాల్ చూసి టైఫాయిడ్ అని తేల్చకూడదనీ, రక్తంలోని క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్ దానికంటే నమ్మదగిందనీ మా వృత్తిలో అందరికీ తెలుసు. తెలిసినా, ఎందుకలా అని అడిగితే అంకెలతో చెప్పడం నాకు ఈ అధ్యాయం తర్వాతే చేతనైంది. ఈ మధ్య రిపోర్టు చేతికివ్వగానే కౌంటర్ దగ్గరే ఫొటో తీసి చాట్‌బాట్‌ను అడిగేవారు ఎక్కువయ్యారు. ఒకాయన ఫోను నా ముఖం ముందు పెట్టి, “టైఫాయిడ్ ఖాయమని చెబుతోందమ్మా” అన్నారు. “ఎంతమంది జ్వరగ్రస్తుల్లో ఎంతమందికి టైఫాయిడ్ అని దానికి తెలుసా అండీ? డాక్టరు గారు చూసి చెబుతారు, ఈలోపు మందులు కొనకండి” అన్నాను. ఆయనకు నచ్చలేదు, అది వేరే సంగతి.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పను. నాలుగో అధ్యాయం, మెషిన్ లెర్నింగ్ (ఉదాహరణల నుంచి యంత్రం నేర్చుకోవడం), సాఫీగా సాగుతుంది. ఐదోది, న్యూరల్ నెట్‌వర్కులు (మెదడు కణాల అల్లికను చూసి చేసిన లెక్కల వలలు), కొంచెం గొంతుకు అడ్డం పడుతుంది. చివరిది పక్షపాతం, కల్పిత వీడియోలు, గోప్యత, ఉద్యోగాల మీద. ఇంకాస్త నిడివి ఉంటే బాగుండేది. రోగుల రిపోర్టులు వాట్సాప్‌లో చేతులు మారే చోట పనిచేసే నాకు గోప్యత మీద అంత తక్కువ సరిపోదు.

లోపాలు చెప్పాలి కదా. కొన్ని ప్రశ్నలకు పేరాలు రాయాలి, వాటిని తోటి విద్యార్థులే దిద్దుతారు. నాకు వచ్చిన వ్యాఖ్యల్లో సగం ‘బాగుంది’తో సరి. కోర్సు మూలం 2018 నాటిది, చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది 2022 నవంబరులో. జనం చేతుల్లో ఇప్పుడున్న ఏఐ అదే కాబట్టి, ఈ కోర్సు ఇచ్చిన ఆలోచనను దానికి అన్వయించే పని మనదే.

అన్నిటికన్నా పెద్ద లోటు భాష. 2019 చివర్లో ఫిన్లాండ్ దీన్ని ఐరోపా సమాఖ్య అధికార భాషలన్నిటిలోకి తెస్తామని ప్రకటించింది. పదమూడు లక్షల జనాభా ఉన్న ఎస్తోనియా భాషలో ఇది ఉంది. 2011 జనగణనలోనే ఎనిమిది కోట్లు దాటిన తెలుగువారికి లేదు. ఆ రసీదు వెనక లెక్కకు ఇంగ్లీషు ఏమాత్రం అవసరం లేదు, ఐదో తరగతి గణితం చాలు. మా కౌంటర్ ముందు నిలబడే జనానికి అందాలంటే ఎవరో ఒకరు కూర్చుని తెలుగులో, మన జ్వరాలతో, మన వానలతో రాయాలి.

చేరాలనుకునేవారికి: ఇంగ్లీషు పేరా చదివి అర్థం చేసుకోగలిగితే మొదలుపెట్టండి. అభ్యాసాల్లో 90 శాతం పూర్తిచేసి, సగం సరిగ్గా చేస్తే సర్టిఫికెట్ వస్తుంది. మూడో అధ్యాయం ఫోనులో చదవకండి, కాగితం ముందు పెట్టుకుని చేయండి. ఐదోది మొదటిసారి తలకెక్కకపోతే వదిలేసి ఆరోదానికి వెళ్లండి, తర్వాత తిరిగి రావచ్చు. ఏఐతో పోస్టర్లు చేయించాలి, ఉత్తరాలు రాయించాలి అనుకునేవారికి మాత్రం ఇందులో ఏమీ దొరకదు, వేరే చోట చూసుకోవాలి.