సిగరెట్ మానడానికి హిప్నాసిస్ వాడాను: రెండున్నరేళ్లు దాటాక నా రివ్యూ

హిప్నాసిస్ మొదలుపెట్టి రెండేళ్ల ఏడు నెలలైంది, ఆఖరి సిగరెట్ ఆర్పేసి రెండేళ్ల రెండు నెలలు. ఈ రెండు లెక్కల మధ్య ఐదు నెలల తేడా ఉంది చూశారా, నేను చెప్పాల్సిందంతా ఆ ఐదు నెలల్లోనే ఉంది. మొదటి వారంలో రాసుంటే అందరూ వెళ్లండి అనేవాణ్ణి, రెండో వారంలో రాసుంటే ఎవ్వరూ వెళ్లకండి అనేవాణ్ణి, రెండూ తప్పే అయ్యేవి, అందుకే ఇన్నాళ్లు ఆగాను.

పంతొమ్మిదేళ్లు తాగాను, చివర్లో రోజుకి ఒక పెట్టె. పొద్దున లేచిన పావుగంటలో మొదటిది వెలగాల్సిందే. లేచాక ఎంతసేపటికి మొదటిది అనేది డాక్టర్లు తప్పకుండా అడుగుతారు, అరగంట కూడా ఆగలేకపోతున్నారంటే నికోటిన్ గట్టిగా పట్టేసిందని లెక్క. ఇంతకుముందు ఊరికే పట్టుదల మీద మూడుసార్లు మానేశాను, ఎక్కువలో ఎక్కువ పదకొండు రోజులు.

మొదట వెళ్లిన చోట ఒక్క సెషన్ చాలు, జన్మలో మళ్లీ ముట్టుకోరు అని హామీ ఇచ్చారు. పెద్ద వాలుకుర్చీ, సన్నగా మ్యూజిక్, ఇకమీదట పొగ వాసన తగిలితేనే మీకు కడుపులో తిప్పుతుంది అని గంటసేపు చెప్పారు. బయటికొచ్చాక నిజంగానే మూడు రోజులు తాగలేదు, ఇంట్లో అందరికీ చెప్పేశాను కూడా. నాలుగో రోజు సాయంత్రం ఆఫీసు కాల్ ఒకటి గొడవగా అయ్యింది, ఫోన్ పెట్టేసేసరికి నోట్లో సిగరెట్ ఉంది, కడుపులో ఏమీ తిప్పలేదు. వాళ్లకి ఫోన్ చేస్తే మీకు మానాలనే కోరిక గట్టిగా లేదండీ అన్నారు. ఆ మాట నన్ను నెల రోజులు తినేసింది. మానాలని లేనివాడు డబ్బు కట్టి అంతదూరం ఎందుకొస్తాడు? ఇలాంటి మాట పడినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే చెప్తున్నా, తప్పు మీది కాదు.

నెల తర్వాత తెలిసినవాళ్ల ద్వారా ఒక సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను, హిప్నోథెరపీలో కూడా ట్రైనింగ్ అయినావిడ. మొదటి రెండు సిట్టింగులు హిప్నాసిస్సే లేదు. ఎక్కడ నిలబడి తాగుతారు, ఏ చేత్తో, లైటర్ ఏ జేబులో, ఎవరుంటే ఎక్కువ తాగుతారు, ఇవే ప్రశ్నలు. నాకు విసుగొచ్చింది, కానీ తర్వాత పనికొచ్చినవన్నీ ఆ ప్రశ్నల్లోంచి వచ్చినవే. ఇంకోటి, మీ ఒంటికి నికోటిన్ ఆకలి వేరేగా ఉంది, దాన్ని నేను మాటలతో తీర్చలేను, డాక్టర్ని కలవండి అని ఆవిడే పంపింది. డాక్టర్ ప్యాచ్ లు రాశారు, అంటే చర్మం మీద అంటించుకుంటే కొద్దికొద్దిగా నికోటిన్ ఇచ్చే పట్టీలు. రక్తంలో నికోటిన్ రెండు గంటలకల్లా సగానికి పడిపోతుంది, అందుకే మళ్లీ మళ్లీ ఒళ్లు అడుగుతుంది, ప్యాచ్ ఆ అడగడాన్ని కాస్త తగ్గించి పెడుతుంది. అదే పూట ఇంకోటి కూడా చెప్పారు, పొగ తాగేవాళ్ల లివర్ కెఫీన్ ని తొందరగా ఖాళీ చేసేస్తుంది, పొగ ఆగాక అదే కాఫీ ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది, సగం తగ్గించమని. నిజమే, పాత ప్రయత్నాల్లో నాకొచ్చిన గుండెదడలో కొంత కాఫీది అయ్యుంటుంది, నేను మొత్తం సిగరెట్ ఖాతాలో వేసుకున్నా.

ఇక హిప్నాసిస్ ఎలా ఉంటుందంటే, నిద్ర అయితే కాదు. బయట బండి హారన్ వినిపిస్తూనే ఉంటుంది, కావాలంటే కళ్లు తెరవొచ్చు, ఎవరో మనల్ని ఆడించడం ఏమీ ఉండదు. మంచి పుస్తకంలో మునిగిపోయినప్పుడు పక్కన పిలిచినా సగమే వినపడుతుంది కదా, దాదాపు అదే. అందరికీ ఒకేలా పట్టదు, దీన్ని కొలవడానికి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 1959 లోనే ఒక స్కేల్ తయారుచేశారు, చాలామంది మధ్యలో ఉంటారు, బాగా లోతుగా వెళ్లేవాళ్లూ అసలు పట్టనివాళ్లూ తక్కువ. చెయ్యి తేలిగ్గా పైకి లేస్తోంది అని ఆవిడ చెప్తుంటే నాది జానెడు లేచి ఆగిపోయింది, నేనూ మధ్యలోవాణ్ణే.

ఆవిడ పొగ అంటే అసహ్యం పుట్టించే మాటలు ఒక్కటీ చెప్పలేదు. కళ్లు మూసుకున్నాక నా సొంత సీన్లే నాకు చూపించేది. కాల్ అయిపోయింది, ఫోన్ టేబుల్ మీద పెట్టాను, చెయ్యి జేబు వైపు వెళ్తోంది, అక్కడ ఆగింది, బొటనవేలూ చూపుడువేలూ కలిశాయి, ఊపిరి నెమ్మదిగా బయటికి వదిలాను, చెయ్యి వెనక్కొచ్చింది. ఇదే మళ్లీ మళ్లీ. దాంతోపాటు మూడు మాటలు, పొగ నా ఒంటికి విషం, బతకాలంటే ఈ ఒళ్లు కావాలి, దీన్ని కాపాడుకోవాల్సింది నేనే. ఇవి హెర్బర్ట్ స్పీగెల్ అనే అమెరికా సైకియాట్రిస్ట్ 1970 లో ప్రచురించిన పద్ధతిలోవి. తమాషా కాదు గానీ, అదీ ఒక్క సిట్టింగ్ పద్ధతే! కాకపోతే ఆ ఒక్క సిట్టింగ్ లో నేర్పేది సెల్ఫ్ హిప్నాసిస్, ఇంటికెళ్లి రోజూ పలుమార్లు మనమే చేసుకోవాలి. నేను మొదట వెళ్లిన చోట ఆ సగం ఎగ్గొట్టేశారు, నన్ను బాధపెట్టేది అదే.

నా గొంతుతోనే పది నిమిషాల రికార్డింగ్ చేసుకున్నా, మొదటి రెండు నెలలు పొద్దునా సాయంత్రమూ విన్నా. రాత్రి పడుకుని వింటే నిద్రపోతున్నా, నిద్రలో వింటే లాభం లేదు, కూర్చుని వినాలి. బండి నడుపుతూ మాత్రం ఎప్పుడూ వినకండి. యాప్ లలో దొరికే రెడీమేడ్ ఆడియోలు కూడా రెండు మూడు ప్రయత్నించా, గొంతు బాగుంటుంది, ఒళ్లు రిలాక్స్ అవుతుంది, అంతవరకే, వాటిలో బీచ్ ఉంటుంది గానీ నా జేబు ఉండదు.

దాదాపు మూడు నెలలు బాగా గడిచింది. అప్పుడే మా నాన్నకి గుండె ఆపరేషన్, ఆసుపత్రి గేటు బయట ఎవరో తాగుతుంటే అడిగి తీసుకున్నా. ఒకటి అనుకున్నది తొమ్మిది రోజులైంది. ఈసారి సిగ్గుతో ఇంకో మాట పడటానికి సిద్ధపడే వెళ్లాను, ఆవిడ మాత్రం నోట్స్ తీసి, చూడండి, మనం ఆఫీసు చేశాం, బాల్కనీ చేశాం, ఫ్రెండ్స్ చేశాం, భయం చేయలేదు అంది. అంతే. ఆ రోజు ఆసుపత్రి గేటు సీన్ చేశాం, చేస్తుంటే కళ్లల్లోంచి నీళ్లు ఆగలేదు. ప్యాచ్ మళ్లీ మొదలుపెట్టి ఆ వారమే ఆఖరిది ఆర్పేశాను.

దీనివల్ల కానివి కూడా చెప్పాలి. మొదటి మూడు రోజుల చిరాకు, నిద్ర పట్టకపోవడం హిప్నాసిస్ తో ఏమీ తగ్గలేదు. ఐదు కేజీలు పెరిగాను. ఏడాది దాటినా కలలో తాగి ఉలిక్కిపడి లేచేవాణ్ణి. రీసెర్చ్ సంగతి అడిగితే, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ అనే సంస్థ వాళ్లు 2019 లో 14 స్టడీలు కలిపి చూశారు, మొత్తం 1,926 మంది, మిగతా పద్ధతులకంటే హిప్నాసిస్ మెరుగని చెప్పడానికి ఆధారాలు సరిపోవన్నారు. నికోటిన్ ప్యాచ్, గమ్, వారెనిక్లిన్ లాంటి మందులకి ఆధారాలు చాలా గట్టివి. కాబట్టి మందు మానేసి ఇది పట్టుకోవద్దు. నాకు ప్యాచ్ ఒంటి సంగతి చూసుకుంది, హిప్నాసిస్ చేతి సంగతి చూసుకుంది, ఏది ఎంత అని విడదీయమంటే నావల్ల కాదు. సైకోసిస్ (లేనివి కనిపించడం, వినిపించడం) లాంటి సమస్య ఎప్పుడైనా ఉన్నవాళ్లు మాత్రం సైకియాట్రిస్ట్ ని అడక్కుండా దీని జోలికి వెళ్లకండి.

వెళ్లాలనుకుంటే ముందు ఫోన్ చేసి ఎన్ని సిట్టింగులు, ఇంటి దగ్గర చేసుకోవడం నేర్పుతారా అని అడగండి. గ్యారంటీ అన్న మాట వినిపిస్తే ఇంకో చోటు చూసుకోండి.

ఇప్పుడు వారానికి ఒక్కసారి వింటున్నా. రికార్డింగ్ మూడుసార్లు మార్చాను, బాల్కనీ, కాఫీ తీసేశా, అవసరం లేదు. ఆసుపత్రి గేటు మాత్రం ఉంచాను. పోయిన నెల నాన్న చెకప్ కి అదే గేటు దగ్గర గంటన్నర నిలబడ్డా, పక్కన ఇద్దరు తాగుతున్నారు, రిపోర్ట్ వచ్చిందని ఫోన్ వచ్చాక చూసుకుంటే నా బొటనవేలూ చూపుడువేలూ కలిసే ఉన్నాయి.