నిప్పు కిట్‌తో కలిపి అమ్మే అడవి విద్యల క్యాంపు: డబ్బు కట్టేముందు చూసుకోండి (హైదరాబాద్)

హైదరాబాద్ చుట్టుపక్కల శని, ఆదివారాల్లో నడిపే ఒక అడవి విద్యల (అడవిలో దొరికేవాటితో బతికే మెళకువలు నేర్పే) క్యాంపు గురించి ఈ హెచ్చరిక. ఫీజులోనే కలిపి ‘పాతకాలపు నిప్పు కిట్’ ఇస్తారు: విల్లు, పుల్ల, అడుగు చెక్క, ఇనుప ముక్క, రాయి, రవ్వను పట్టే మాడ్చిన గుడ్డ, కొబ్బరి పీచు. డెమోలో నిప్పు చకచకా రాజుకుంటుంది. కానీ అక్కడ వాడేది శిక్షకుడి సొంత సెట్టు. చేతికిచ్చే కిట్‌తో ఎంత కష్టపడ్డా నిప్పు రాదు. లోపం నేర్చుకునేవాళ్ల చేతుల్లో లేదు, సరుకులో ఉంది.

ముందు చెక్క సంగతి. కిట్‌లో వస్తున్నది గట్టి మిల్లు చెక్క, పైగా వార్నిష్ కొట్టినది. విల్లు తాడుకు పుల్లను చుట్టి, పైన ఒక ముక్కతో నొక్కి పట్టి, అడుగు చెక్క గుంటలో గిరగిరా తిప్పితే రాపిడికి నిప్పు పుడుతుంది. ఇలా నిప్పు తీయాలంటే పుల్లా, అడుగు చెక్కా రెండూ తేలికైనవి, బాగా ఎండినవి కావాలి. గోటితో నొక్కితే గీత పడాలి. గట్టి చెక్క రాపిడికి అరగదు, నున్నబడి కీచుమంటుంది, పొడి రాలదు. పొడి రాలకపోతే నిప్పు కణిక పుట్టే చోటే లేదు. పుల్ల సుమారు 2 సెంటీమీటర్ల మందం, 20 నుంచి 25 సెంటీమీటర్ల పొడవు ఉంటే చాలు. అడుగు చెక్క మందం 2 సెంటీమీటర్లు దాటకూడదు. గుంటకు పక్కన కోసే గాటు గుండ్రంలో ఎనిమిదో వంతు ఉండాలి, మొన గుంట మధ్యకు కాస్త ఇవతలే ఆగాలి. కిట్‌లో గాటే లేదు, గుంట మాత్రమే ఉంది. అలాంటప్పుడు పొడి చెల్లాచెదురై చల్లారిపోతుంది.

రాలిన పొడి రంగు చూస్తే తప్పెక్కడో తెలుస్తుంది. లేత గోధుమ రంగులో ఉంటే వేగమో ఒత్తిడో తక్కువ. ముదురు కాఫీ రంగులోకి, నలుపులోకి తిరిగితే దారిలో ఉన్నట్టే. పైన నొక్కి పట్టే ముక్కకు సబ్బో నూనో రాయండి, కానీ పుల్ల కింది కొనకు అది అంటకూడదు. పై కొనకు గుర్తు పెట్టుకోండి. వానాకాలంలో చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఎండబెట్టి గట్టి మూత ఉన్న డబ్బాలో దాచాలి.

ఇక ఇనుప ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు. దాన్ని చెకుముకి రాయికి ఎంత కొట్టినా పనికొచ్చే రవ్వలు రాలవు. కావాల్సింది కార్బన్ ఎక్కువుండి, కాల్చి ముంచి గట్టిపరిచిన ఉక్కు. అరిగిపోయిన పాత ఆకురాయే (ఇనుమును అరగదీసే ఉక్కు పనిముట్టు) చక్కటి చెకుముకి ఉక్కు. రాయికి డబ్బు పెట్టనక్కర్లేదు: మన గ్రానైట్ బండల మధ్య తెల్లటి చారల్లా కనిపించే పలుగురాయి ముక్క, అంచు పదునుగా ఉంటే, పని చేస్తుంది. గాజును గీయని రాయి దేనికీ పనికిరాదు. కిట్‌లో ఇచ్చిన మెరిసే రాయి గాజును గీయలేదు.

మాడ్చిన గుడ్డ అన్నింటికన్నా దగా. కిట్‌లోది పాలిస్టర్ కలిసిన గుడ్డ. దాన్ని కాలిస్తే అంచులు ప్లాస్టిక్‌లా గడ్డకడతాయి, రవ్వ పట్టదు. పాత నూలు పంచె ముక్కలు చాలు. మూతకు మేకుతో చిన్న రంధ్రం చేసిన రేకు డబ్బాలో పెట్టి బొగ్గుల మీద ఉంచండి. రంధ్రం నుంచి పొగ ఆగాక దించి, పూర్తిగా చల్లారాకే మూత తీయండి. వేడి మీద తీస్తే గాలి తగిలి గుడ్డంతా బూడిదవుతుంది.

నిప్పు కణికను మంట చేయడానికి కొబ్బరి పీచు ఒక్కటే ఇస్తున్నారు. అది రగులుతుంది గానీ త్వరగా మండదు. ఎండుగడ్డి కలిపి పక్షి గూడులా చుట్టి ఊదాలి.

ప్రకటనలో ‘ఉచ్చులు పన్నడం’, ‘అడవిలో క్యాంప్‌ఫైర్’ అని రాసి ఉంటే అక్కడే ఆగండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు పన్నడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేట కిందికే వస్తాయి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం నేరం. స్థలం ప్రైవేటు పొలమా, అడవా అని రాతపూర్వకంగా అడగండి. ఇసుక, బొగ్గు వడపోతతో ‘శుద్ధ నీరు’ వస్తుందని చెప్పినా నమ్మొద్దు. వడపోత తర్వాత తెర్లేదాకా మరిగించాల్సిందే, అప్పుడైనా రసాయనాలు పోవు.

అడ్వాన్స్ కట్టేముందు ఒకే మాట అడగండి: మాకిచ్చే సీల్డ్ కిట్ విప్పి, దానితోనే నిప్పు చేసి చూపించండి అని. ఒప్పుకోకపోతే కట్టకండి. ఇప్పటికే కట్టినవాళ్లు బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్, కిట్ ఫొటోలు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.