రంగేసిన పాత యాక్సిల్‌కి 11,400 కట్టాను. విజయవాడ వాళ్ళు జాగ్రత్త

షెడ్డు పేరు రాయను. గాజు తలుపులు, ఏసీ రూము, అడుగుపెట్టగానే చేతిలో వాటర్ బాటిల్... బండి ఉన్నవాళ్ళకి ఈపాటికే అర్థమైపోయుంటుంది. బాటిల్ చల్లగానే ఉంటుంది, అందులో మోసం లేదు.

సంగతి చిన్నదే. నాది స్విఫ్ట్. కుడివైపుకి యూటర్న్ తీసుకుంటూ ఎక్సలేటర్ తొక్కితే ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్ టక్. కాలు తీస్తే ఆగుతుంది, తిన్నగా పోతే అసలుండదు. చక్రం లోపలివైపు రిమ్ము నిండా గ్రీజు చిమ్మి ఉంది. అంటే యాక్సిల్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే రాడ్డు) కొసనున్న రబ్బరు బూటు చిరిగింది, గ్రీజు కారిపోయింది, దుమ్ము దూరి బయటి సీవీ జాయింటు, అంటే చక్రం వైపున్న గోలీల కీలు, అరిగింది. పనిలో చేరిన కుర్రాడు కూడా చెప్పేస్తాడు. వీళ్ళు మాత్రం ముందు సస్పెన్షన్‌లోని స్టెబిలైజర్ లింకులన్నారు, మార్చారు, డబ్బులు లాగారు. లింకులు గతుకుల్లో కొట్టుకుంటాయి గానీ ఎక్సలేటర్‌తో వాటికేం పని? అడిగితే "ఇప్పుడు యాక్సిల్ కూడా పోయింది సార్" అన్నారు. జాయింటు విడిగా దొరకదట, మొత్తం కొత్త యాక్సిలే వేయాలట. సరే అన్నాను. 11,400 ఫోన్‌పే కొట్టాను.

వారం తిరక్కుండా రామవరప్పాడు రింగు తిరుగుతుంటే మళ్ళీ టక్ టక్.

వెనక్కి తీసుకెళ్ళాను. ఓనరు ఒక కుర్రాణ్ణి పంపాడు. వాడు బండిని తిన్నగా తీసుకెళ్ళి తిన్నగా తెచ్చి "ఏం లేదన్నా" అన్నాడు. బాబూ, స్టీరింగ్ పూర్తిగా తిప్పి రేస్ ఇవ్వరా, అప్పుడు వినపడుతుంది అంటున్నాను. ఇంతలో ఓనరు ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా అన్న మాట ఇది: "సార్, శబ్దం బండిలో లేదు, మీ చెవుల్లో ఉంది. ఈఎన్‌టీకి చూపించుకోండి." కౌంటర్ దగ్గరున్న నలుగురూ నవ్వారు. మా ఆవిడ అక్కడే కూర్చుని ఉంది. డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వుకి ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. అయినా గొంతు లేపకుండా, పోనీ పాత యాక్సిల్ ఇచ్చేయండి అన్నాను. "అది స్క్రాప్ వాడు పట్టుకుపోయాడండీ. ఇంత చదువుకున్నవారు ఇనుపముక్క కోసం అడుగుతారా?" అన్నాడు.

ఇనుపముక్క ఎక్కడికీ పోలేదు. నా బండి కిందే ఉంది.

నేరుగా ఆటోనగర్ పోయాను. నిరుడు నాకు క్లచ్ ప్లేటు మార్చిన పెద్దాయన జాక్ ఎక్కించి, చక్రం విప్పి, బొటనవేలితో యాక్సిల్‌ని ఒక్కసారి రుద్దాడు. వేలు నల్లగా అయింది. రంగు కింద తుప్పు గుంటలు. బూటు మాత్రం కొత్తదే, దాని క్లిప్పు మీద కూడా స్ప్రే పడింది. "బాబూ, ఇది కొత్త యాక్సిలైతే నేను కొత్త పెళ్ళికొడుకుని" అని గుడ్డకి పెట్రోలు తడిపి తుడిచాడు. రాడ్డు మీద పక్కపక్కన రెండు చుక్కలు. క్లచ్ పనికి యాక్సిళ్ళు ఊడదీసినప్పుడు ఎడమదని గుర్తుకి పంచితో ఆయన కొట్టినవే! అంటే నా యాక్సిల్‌నే కడిగి, అరిగిన జాయింటులో గ్రీజు కూరి, కొత్త బూటు తొడిగి, రంగేసి నాకే అమ్మారు. గ్రీజు ఉన్నన్నాళ్ళు గోలీల చప్పుడు అణిగింది, అంతే.

దొరకదన్న జాయింటు పక్క సందులో దొరికింది. బూటు, గ్రీజు, నట్టు అన్నీ కిట్టులోనే వచ్చాయి. యాక్సిల్ నట్టు పాతది మళ్ళీ బిగించకూడదని పెద్దాయన కొత్తదే వేశాడు. మజూరీతో కలిపినా వాళ్ళు లాగినదాంట్లో సగం కాలేదు.

మళ్ళీ ఆ షెడ్డుకి పోయి, పెద్దాయన తుడుస్తుంటే తీసిన వీడియో ఓనరుకి చూపిస్తే "బిల్లుందా?" అన్నాడు. ఉంటే కదా. ఆరోజు "బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ అదనం సార్, మీకెందుకు" అని ఎస్టిమేటు చీటీ చేతిలో పెట్టాడు. ఆ చీటీ, ఫోన్‌పే వివరాలు, ఫొటోలు పట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించాను. చూద్దాం.

మీరు మాత్రం బండి ఇచ్చేముందే పాత పార్టు డిక్కీలో పెట్టమని చీటీ మీద రాయించండి, కొత్తదాని డబ్బా మీద ఎమ్మార్పీ, పార్టు నంబరు ఫొటో తీసుకోండి. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా రేస్ ఇస్తే టకటకలాడితే బయటి జాయింటే. తిన్నగా వెళ్తూ రేస్ ఇచ్చినప్పుడు బండి వణికితే గేర్‌బాక్స్ వైపున్న లోపలి జాయింటు చూపించండి. బండి ఆగి ఉన్నప్పుడు రేస్ ఇచ్చినా టిక్ టిక్ వస్తే యాక్సిల్ జోలికే పోనివ్వకండి, సైలెన్సర్ వైపు లీకేమో చూడమనండి. ఒక్కోసారి టైరు గాడిలో ఇరుక్కున్న రాయి కూడా ఇదే పాట పాడుతుంది. దానికీ యాక్సిల్ మార్చేస్తారు వీళ్ళు.

మా బావమరిది రేపు సర్వీసుకి బండి అక్కడే ఇస్తానంటున్నాడు. ఇది ముందు వాడికే పంపిస్తున్నా.