రిపోర్టు చూసినవాళ్ళు, చెయ్యి చూసినవాళ్ళు: మా సెకండ్ ఒపీనియన్ రివ్యూ

మెదడు, నరాల జబ్బులు చూసే బెంగళూరు నిమ్హాన్స్ ఆస్పత్రి న్యూరాలజీ ఓపీడీ గురించి ఈ రివ్యూ. దానికి ముందు డబ్బు కట్టి తీసుకున్న ఒక ఆన్‌లైన్ సెకండ్ ఒపీనియన్ గురించి కూడా రాస్తాను, రెండూ పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది.

మా తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఇరవై ఏళ్ళు. ఏడాదిగా కుడి చెయ్యి సన్నబడుతోంది. అరచేతిలో కండ కరిగింది, చొక్కా గుండీలు పెట్టుకోలేడు, వేళ్ళు చాపితే సన్నగా వణుకుతాయి. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో (పేరు రాయను) మెడ ఎంఆర్ఐ, సూదులు గుచ్చి కండరాలని పరీక్షించే ఈఎంజీ తీసి మోటార్ న్యూరాన్ జబ్బు, అంటే కండరాలని నడిపే నరకణాలు క్రమంగా చచ్చిపోయే ఏఎల్ఎస్, అనేశారు. దానికి వాడే రిలుజోల్ మాత్రలు రాసిచ్చారు. స్టీఫెన్ హాకింగ్‌కి వచ్చిన జబ్బు అని తెలిశాక మా అమ్మకి వారం పాటు అన్నం సహించలేదు.

నాకు మాత్రం ఒక అనుమానం ఉండిపోయింది. ఏఎల్ఎస్ చాలావరకు నడివయసు దాటినవాళ్ళకి వస్తుంది, చిన్నవయసులో చాలా అరుదు. పైగా ఈఎంజీ రిపోర్టు చివర ఏఎల్ఎస్ అని ఎక్కడా లేదు, 'యాంటీరియర్ హార్న్ సెల్ డిసీజ్' అని మాత్రమే ఉంది. అంటే వెన్నుపాములో కండరాలని నడిపే నరకణాలు దెబ్బతిన్నాయని, అంతే. ఎందుకు దెబ్బతిన్నాయో ఆ మాట చెప్పదు.

మొదట ఆన్‌లైన్ సర్వీస్. రిపోర్టులు అప్‌లోడ్ చేశాం, వీడియో కాల్‌లో డాక్టర్ మర్యాదగానే మాట్లాడారు, అవే కాగితాలు చదివి అదే జబ్బు పేరు చెప్పారు. కొత్తగా అడిగింది ఏమీ లేదు. ఆ కాల్ అయ్యాక టెన్షన్ రెట్టింపయింది, ఇద్దరు డాక్టర్లు ఒకే మాట అన్నారు కదా అని. నిజానికి ఇద్దరూ చూసింది ఒకే రిపోర్టు.

మాది అనంతపురం కాబట్టి బెంగళూరు దగ్గరే. నిమ్హాన్స్ హోసూర్ రోడ్డులో, డెయిరీ సర్కిల్ దగ్గర. కేంద్ర ప్రభుత్వ సంస్థ, దేశం నలుమూలల నుంచీ వస్తారు, కాబట్టి పొద్దున్నే చేరుకోండి, ఆ రోజుకి వేరే పని పెట్టుకోకండి. మన సీమ జనం ఎంతమంది ఉంటారో, ఏ బెంచీ మీద కూర్చున్నా తెలుగే వినిపిస్తుంది. (బయట హోటళ్ళలో సాంబారు తియ్యగా ఉంటుంది, కారప్పొడి వెంట పెట్టుకోండి.)

లోపల డాక్టర్ మా ఫైలు పక్కన పెట్టి ముందు వాడి రెండు చేతులూ బల్ల మీద పెట్టించారు. నాలుక చాపమన్నారు, సుత్తితో కాళ్ళ మీద కొట్టి చూశారు, అరికాలు గీశారు. తర్వాత తెలుగులోనే అడిగారు: "చల్లగా ఉంటే చెయ్యి ఇంకా పట్టు తప్పుతుందా?" వీడు వెంటనే "అవును సార్, ఫ్రిజ్‌లో బాటిల్ మూత కూడా తియ్యలేను" అన్నాడు. ఇంతకాలం ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఏఎల్ఎస్‌లో సాధారణంగా బొటనవేలి వైపు కండ ముందు కరుగుతుందట, వీడికి చిటికెన వేలి వైపు ఎక్కువ కరిగింది. కాళ్ళలో, నాలుకలో ఏ తేడా లేదు.

తర్వాత మళ్ళీ ఎంఆర్ఐ, కానీ ఈసారి మెడ ముందుకి వంచి తీశారు. అసలు కిటుకంతా అక్కడే. మెడ నిటారుగా ఉన్నప్పుడు తీస్తే పెద్దగా ఏమీ కనపడకపోవచ్చు. వంచినప్పుడు వెన్నుపాము చుట్టూ ఉండే పొర వెనక నుంచి ముందుకి జరిగి వెన్నుపాముని నొక్కుతుంది, అలా నొక్కీ నొక్కీ చేతికి వెళ్ళే నరకణాలు పాడవుతాయి. దీని పేరు హిరయామా జబ్బు. జపాన్ డాక్టర్ కెయిజో హిరయామా 1959లో మొదట రాశారు. ఒకే చేతికో కాలికో పరిమితమై కండ కరిగే ఇలాంటి కేసుల గురించి డాక్టర్ గౌరీదేవి గారి బృందం 1984లో రాసింది ఇదే నిమ్హాన్స్ నుంచి. ఎక్కువగా పదిహేను నుంచి ఇరవై అయిదేళ్ళ మగపిల్లల్లో వస్తుంది, కొన్నేళ్ళు ముదిరి దానంతటదే ఆగిపోతుంది. కరిగిన కండ పూర్తిగా తిరిగి రాదని కూడా డాక్టర్ దాచకుండా చెప్పారు. రిలుజోల్ ఆపించి, మెడ వంగకుండా కాలర్ ఇచ్చారు. కొందరికి ఆపరేషన్ కూడా అవసరమవుతుంది, మావాడికి ఇప్పటికైతే వద్దన్నారు. ఫోన్ తల దించి చూడొద్దన్నారు, అదే వాడికి కాలర్ కన్నా పెద్ద శిక్ష.

ఇది చదివి మీ ఇంట్లోవాళ్ళ రిపోర్టు కూడా తప్పే అనుకోకండి. అదే రోజు మా పక్కన కూర్చున్న కడప ఆయనకి మొదటి డాక్టర్ చెప్పిందే ఖాయమైంది. ఆయనకి కూడా చెయ్యీ కాలూ చూసి, గంట కూర్చోబెట్టి మాట్లాడాకే చెప్పారు. మీ అంతట మీరు మాత్రలు ఆపకండి, మేమూ డాక్టర్ చెప్పాకే ఆపాం.

వెళ్ళేటప్పుడు ఎంఆర్ఐ కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు, సీడీ కూడా పట్టుకెళ్ళండి, ఫిల్ములు కూడా. చెయ్యి ఎప్పుడెప్పుడు ఎలా ఉందో పాత ఫోటోలుంటే ఇంకా మంచిది, మాకు కాలేజీ ఫంక్షన్ ఫోటోలు పనికొచ్చాయి.

నిమ్హాన్స్‌కి ఐదుకి ఐదు. ఆన్‌లైన్ వాళ్ళకి ఒకటి, అది కూడా ఆ డాక్టర్ మర్యాదకే.