నెలకు 150, ఎనిమిదిన్నరకు బెల్లు

బెంగళూరు కగ్గదాసపురలో మాది 22 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నాలుగు నెలలుగా ఒక ప్రైవేటు సర్వీసుతో గుమ్మం దగ్గరే చెత్త తీయిస్తున్నాం, ఫ్లాటుకు నెలకు 150 రూపాయలు. పేరు రాయను. రాస్తే ప్రచారం అనుకుంటారు, పైగా తిట్టాల్సినవీ ఉన్నాయి.

మొదట వచ్చిన గొడవ, మళ్లీ డబ్బులెందుకని. 2025 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నుతోపాటే చెత్త రుసుమూ కడుతున్నాం కదా. ఇంటి వైశాల్యాన్ని బట్టి నెలకు 10 నుంచి 400 దాకా ఉంటుంది. మా 1,150 చదరపు అడుగులకు 100, ఏడాదికి 1,200. కార్పొరేషన్ చెత్త ఆటో రాదని కాదు, ఉదయం ఆరున్నరకే వస్తుంది. ఆ వేళకు సగం ఇళ్లలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లు నిద్రలో ఉంటారు, మిగతా ఇళ్లలో ఇంకా స్టవ్వే వెలగదు. "కసా!" అని కేక వినబడి, బకెట్ పట్టుకుని నాలుగంతస్తులు దిగేసరికి ఆటో మలుపు తిరిగిపోతుంది. నాది మదనపల్లి, చెత్త ఊడ్వడాన్ని కసువు చిమ్మడం అంటూ పెరిగినదాన్ని. ఆ కన్నడ కేక మా అమ్మ పిలిచినట్టే ఉంటుంది. మోకాళ్లకు మాత్రం ఆ ముచ్చట పట్టదు.

అసోసియేషన్ లెక్కలు చూసేది నేనే. వాట్సాప్ గ్రూపులో "మంచి సర్వీసు పెడితే నెలకు ఎంత ఇవ్వగలరు?" అని అడిగాను. 30 అన్నారు, 50 అన్నారు. ఒకాయన "టాక్స్‌లో కడుతున్నాంగా" అని రాస్తే కింద ఆరు బొటనవేళ్లు. వారం ఆగి ఇంకోలా అడిగాను: "ఎనిమిదిన్నరకు మీ తలుపు దగ్గరికే వస్తారు, 150. ఎవరెవరు?" సాయంత్రానికల్లా 17 ఇళ్లవాళ్లు ఫోన్‌పే చేశారు. ముందు 30 అన్నావిడ కూడా. ఈ చెత్త చివరికి ఎక్కడికి పోతుందని ఒక్కరూ అడగలేదు. బెంగళూరు చెత్త తమ ఊళ్లో పోస్తున్నారని మండూరు ఊరివాళ్లు రోడ్డెక్కి 2014లో లారీలు ఆపించిన రోజులు చూసిన నేనైనా అడగాల్సింది.

సర్వీసు విషయానికొస్తే, వేళ తప్పరు. పది నిమిషాలు అటూ ఇటూ, అంతే. వచ్చేది హిందూపురం వైపు ఆవిడ, అందరితోనూ తెలుగే. తడి చెత్త పచ్చ బకెట్లో, పొడిది సంచిలో, డైపర్లు, ప్యాడ్ల లాంటివి ఎర్ర బకెట్లో. మొదటి వారమే మా పచ్చ బకెట్ మూత తీసి, కాఫీ పిప్పికి అంటుకున్న నీలం ముక్కలు నాలుగు ఏరి అరచేతిలో పెట్టి చూపించింది. గోరంత గోరంత, పాల ప్యాకెట్ మూలలు. "అక్కా, మూల పూర్తిగా కోయొద్దు, కొంచెం కవరుకే అంటుకునేట్టు వదులు. ఇవి ఎరువులో కలిసిపోతే ఏరేది మేమే." పదహారేళ్లుగా బెంగళూరులో ఉంటున్నా, ఈ మాట నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఇక తిట్లు. ఆయుధ పూజ మర్నాడు వాకిళ్లలో పగలగొట్టిన బూడిద గుమ్మడికాయలు, అరటి పిలకలు గుట్టగా ఉంటే రెండు రోజులు రాలేదు. ఫోన్ చేస్తే "ఎక్స్‌ట్రా లోడ్ మేడం, 500 అవుతుంది" అన్నారు. పండగ ఎప్పుడొస్తుందో వాళ్ల క్యాలెండర్లో లేదా? ఆవిడ గ్లౌజులు చిరిగితే పన్నెండు రోజులైనా కొత్తవి ఇవ్వలేదు, చివరికి మేమే కొనిచ్చాం. మా 150లో ఆవిడ చేతికెంత వస్తుందని అడిగితే మేనేజర్ మాట మార్చాడు. ఇది కంపెనీ తప్పు కాదుగానీ, డబ్బు కట్టని ఐదిళ్లలో రెండిళ్ల కవర్లు రాత్రిపూట మా బకెట్ల పక్కన తేలుతున్నాయి. వాసన భరించలేక ఆవిడ అవీ మోసుకుపోతోంది.

తడి చెత్తను కంపోస్టు చేస్తామన్నారు. చూపించమంటే ఒక ఆదివారం రమ్మన్నారు. ఇద్దరం వెళ్లాం, గేటుకు తాళం. ఆ తర్వాత ఇంటింటికీ మూడు కిలోల ఎరువు సంచి పంపారు. నా కరివేపాకు మొక్క చిగురేసిన మాట నిజమే. ఆ ఎరువులోనూ రెండు నీలం ముక్కలు దొరికాయి.

ఐదుకు మూడున్నర ఇస్తాను, అందులో మూడు ఆవిడవి. ఏడాదికి ఒకేసారి కడితే 1,500కే ఇస్తామంటున్నారు. ఇప్పటికి ఇంకో మూడు నెలలకే కట్టాం. మిగతాది ఆ గేటు తాళం తీసి లోపల చూపించాక.