జాగ్రత్త: వానాకాలంలో అండమాన్ వెళ్లేవారు ఒడ్డున ఉన్న కాటేజీకి ముందే డబ్బు కట్టకండి

జులై రెండో వారంలో అమ్మ, నాన్న, నా భార్య, తొమ్మిదేళ్ల పాపతో కలిసి అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్లి వచ్చాను. మూడు రాత్రుల కోసం వెళ్లినవాళ్లం ఐదు రాత్రులు ఉండిపోయాము. మొదటి రెండు రాత్రులూ అమ్మ కంటిమీద కునుకు లేకుండా గడిపింది. ఆగస్టు, సెప్టెంబరు నెలలకు టికెట్లు కొన్నవారు ఎందరో ఉంటారు. గదికి ఇంకా డబ్బు కట్టకపోతే దయచేసి ఇది చదివాక కట్టండి.

మేము దిగిన చోటు పేరు రాయడం లేదు. అలాంటివి ఆ దీవిలో మరికొన్ని నా కళ్లతోనే చూశాను. ఒక్క పేరు తప్పించుకున్నంత మాత్రాన మీరు బయటపడరు. లక్షణాలను గుర్తుపట్టడం తెలియాలి.

హేవ్‌లాక్‌కు 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అన్నది అధికారిక నామం. పేరున్న రాధానగర్ తీరం దీవికి పడమటి వైపున ఉంది. దానికి దగ్గరలో, కొబ్బరిచెట్ల మధ్య, రెండు కాటేజీలు తీసుకున్నాను. సీజనులో రాత్రికి 7,500 రూపాయలట, వానల్లో 3,200 మాత్రమే. డబ్బు మొత్తం ముందే కట్టాలి, రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. ఆ షరతును నేను చదివాను, చదివి కూడా కట్టాను. ఫొటోల్లో నీలిరంగు నీళ్లు, తెల్లని ఇసుక, గుమ్మంలో ఊయల. అవన్నీ ఎండ కాసే ఫిబ్రవరిలో తీసినవని అక్కడికి వెళ్లాక అర్థమైంది.

అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మా కాకినాడ వైపు పడేదానికి ఇది దాదాపు మూడింతలు. నైరుతి రుతుపవనాలు మే మూడో వారంలో ముందుగా ఆ దీవులనే తాకుతాయి. అవి వెనుదిరిగాక ఈశాన్య రుతుపవనాలు అందుకుంటాయి. అంటే డిసెంబరు దాకా తెరిపి తక్కువ. ఇంత వానలో గదికి కావలసినది గట్టి కప్పు. మాకు దొరికినది ఆకుల కప్పు, దాని మీద గాలికి చిరిగిపోయిన ప్లాస్టిక్ పట్టా.

మొదటి రాత్రి పదకొండు దాటాక అమ్మ పడుకున్న మంచం మీద చుక్కలు పడటం మొదలైంది. మంచం జరిపితే అక్కడ ఇంకో ధార. పరుపు అప్పటికే చెమ్మగా ఉంది. మంచం వెనుక గోడ మీద అరచేయంత మేర నల్లటి బూజు. అమ్మకు పాతికేళ్లుగా ఉబ్బసం. రాత్రి రెండింటికి ఆయాసం ఎక్కువైంది, అదే సమయంలో కరెంటు పోయింది. ఆ దీవిలో కరెంటు చాలావరకు డీజిల్ యంత్రాల మీద ఆధారపడినది. పైగా గాలివానకు కొమ్మ విరిగి తీగ మీద పడితే చీకటే. మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజరు సంచిలోనే ఉంది, పెట్టడానికి కరెంటు లేదు.

జనరేటరు ఉందా అని బుక్ చేసేటప్పుడు ఫోనులో అడిగాను, ఉందన్నారు. అది అబద్ధం కాదు. ఉన్నది ఆఫీసు గదికీ, నీళ్ల మోటారుకూ. నాన్న గొడుగు పట్టుకుంటే, అమ్మను చేయి పట్టుకుని ఆ బురదలో ఆఫీసు దాకా నడిపించాను. నిద్రపోతున్న కుర్రాణ్ణి లేపితే పాపం పరుగెత్తి జనరేటరు వేశాడు. అమ్మ ఊపిరి కుదుటపడేసరికి మూడున్నర. ఖాళీ చేసేటప్పుడు బిల్లులో డీజిల్ ఖర్చు అని 1,200 రూపాయలు వేశారు. ఆ కాగితం చూసినప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఉబ్బసంతో అల్లాడిన మనిషి పీల్చిన గాలికి లెక్క కట్టారు!

తెల్లారాక వేరే గది అడిగితే సాయంత్రానికి ఇస్తామన్నారు, సాయంత్రం రేపన్నారు. రెండో రాత్రి ఐదుగురం కురవని ఒక్క కాటేజీలో కూర్చునే తెల్లవార్చాము. తిండీ అంతే. వానాకాలం కనుక వంటగది మూసేశామన్న సంగతి మేము చేరాకే చెప్పారు. ప్రతి పూటా తడుస్తూ బయటికి నడిచి తినవలసి వచ్చింది.

ఇక సముద్రం. జులైలో గాలి నైరుతి నుంచి వీస్తుంది కనుక ఆ అలలు నేరుగా పడమటి ఒడ్డునే కొడతాయి. మేము ఉన్నన్నాళ్లూ రాధానగర్‌లో ఎర్రజెండా దిగలేదు. పిల్లలను మోకాలి లోతుకు కూడా పంపకండి. అక్కడి ఉప్పునీటి మొసళ్ల సంగతీ తేలిగ్గా తీసుకోవద్దు, 2010లో ఆ తీరానికి దగ్గరలోనే ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది.

మూడో రోజు ఉదయం టాక్సీ దొరకగానే సామాను సర్దుకుని తూర్పు వైపు గోవింద్‌నగర్ వచ్చేశాము. బజారుకు దగ్గరగా, సిమెంటు శ్లాబు వేసిన మామూలు లాడ్జి. గది 1,400. కిటికీ తీస్తే అరటిచెట్లు, పక్కింటి మేకలు. సముద్రం కనిపించదు. కరెంటు పోయిన నిమిషానికి ఫ్యాను మళ్లీ తిరిగింది. ఇంటావిడ వేడివేడిగా చేపల పులుసు, అన్నం పెట్టింది. ఆ రాత్రి అమ్మ తెల్లవారే దాకా నిద్రపోయింది. జెట్టీ దగ్గరే, ఆరోగ్య కేంద్రమూ దగ్గరే. రాధానగర్ నుంచి జెట్టీకి పది కిలోమీటర్లకు పైనే ఉంది, వానలో టాక్సీ కోసం గంట నిలబడ్డాము.

నాలుగో రోజు ఉదయం జెట్టీకి వెళితే పడవలు రద్దు. ఐదో రోజూ రద్దు. నాలుగో రోజు సాయంత్రం పోర్ట్ బ్లెయిర్ నుంచి మా విమానం, అది వెళ్లిపోయింది. ఐదుగురికీ టికెట్లు మళ్లీ కొన్నాము. పడవ కంపెనీ తన డబ్బు పూర్తిగా తిరిగి ఇచ్చింది. కాటేజీవారు మాత్రం మేము ఉండని మూడో రాత్రికి ఒక్క రూపాయి కూడా వెనక్కి ఇవ్వలేదు. పడవలు ఆగడం అక్కడ వింతేమీ కాదు. 2016 డిసెంబరులో వాయుగుండం వల్ల హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు వెళ్లి తీసుకొచ్చాయి. అందుకే ప్రయాణంలో ఆఖరి రెండు రాత్రులూ పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా పెట్టుకోండి. దీవులను ముందు చూసేయండి. 2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం, టికెట్ల మీద ఏ పేరున్నా కంగారుపడకండి.

అక్కడ జంగ్లీఘాట్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో వచ్చిన ఒక మత్స్యకారుల కుటుంబంతో మాట్లాడుతుంటే, ఆ ఇంటి పెద్దాయన ఒక మాట అన్నారు. “బాబూ, ఈ నెలల్లో పడమటి ఒడ్డున ఎందుకు దిగారు? గాలికి వీపు పెట్టాలి గానీ ముఖం పెట్టకూడదు.” జూన్ నుంచి సెప్టెంబరు దాకా తూర్పున ఉన్న గోవింద్‌నగర్, విజయనగర్ వైపు చూసుకోవాలట. నవంబరు వచ్చేసరికి ఈశాన్యపు గాలి తూర్పు ఒడ్డుకు తగులుతుంది, అప్పుడు లెక్క తిరగబడుతుంది. బయలుదేరక ముందు ఇది నాకు ఒక్కరు చెప్పినా బాగుండేది.

మీరు బుక్ చేసే ముందు ఆ చోటికి ఫోను చేసి, ఆ రోజే తీసిన వీడియో పంపమని అడగండి. సముద్రం వద్దు, గది పైకప్పు, మంచం వెనుక గోడ, స్నానాల గది పైభాగం చూపించమనండి. జనరేటరు ఉందా అని అడగవద్దు, గదిలో ప్లగ్గుకు రాత్రంతా కరెంటు వస్తుందా అని అడగండి. వంటగది తెరిచి ఉందా, పడవ ఆగిపోతే డబ్బు సంగతేమిటి, ఈ రెండింటికీ జవాబు రాతలో తీసుకోండి. ఇతరులు రాసిన అభిప్రాయాల్లో జూన్ నుంచి సెప్టెంబరు మధ్య రాసినవే చదవండి, జనవరిలో వెళ్లినవారి మెప్పు మీకు పనికిరాదు. మొదటి రాత్రికి మాత్రమే డబ్బు కట్టి, గది చూశాక మిగతాది కట్టండి. వానల్లో ఖాళీ గదులు బోలెడు. చేతిలో నగదు ఉంచుకోండి, కరెంటుతో పాటు ఫోను సిగ్నలూ పోయింది మాకు.

మాకు రావలసినది మూడో రాత్రికి రెండు కాటేజీల 6,400, ఆ డీజిల్ 1,200, మొత్తం 7,600 రూపాయలు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి, కారుతున్న కప్పు వీడియో, బిల్లు, రసీదులతో ఫిర్యాదు ఇచ్చాను. పన్నెండు రోజులైంది, కాటేజీవారి నుంచి ఇంకా జవాబు రాలేదు.