బెల్టు కీచుమంటే: బిగించాలా, మార్చాలా?

పొద్దున్నే కారు స్టార్ట్ చేయగానే ఇంజన్ పక్కన తిరిగే రబ్బరు బెల్టు కీచుమని అరిచి, రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఏసీ వేస్తే మళ్లీ మొదలు. అనంతపురంలో ఏ షెడ్డుకెళ్లినా రెండు మాటలే: ‘బిగిస్తే చాలు సార్’, లేదంటే ‘బెల్టు మార్చేద్దాం సార్’.

బిగించడం చవకే. కానీ అది ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) బోల్టు దగ్గర సర్దుకునే బండ్లకే కుదురుతుంది. బెల్టును స్ప్రింగ్‌తో తనే బిగువుగా పట్టుకునే ఆటో టెన్షనర్ ఉంటే బిగించడానికేమీ ఉండదు, స్ప్రింగ్ నీరసిస్తే టెన్షనరే మార్చాలి. అతిగా బిగించినా ముప్పే. నా పాత బండికి అలాగే చేశారు. బెల్టు నోరు మూసింది, నాలుగు నెలలకు ఆల్టర్నేటర్ బేరింగ్ గుర్రుమంది.

అందుకే ముందు నీళ్లతో చూడండి. ఇంజన్ నడుస్తుండగా, చేతులూ కండువా దూరంగా ఉంచి, బెల్టు గాడులున్న వైపు కాసిని నీళ్లు చిలకరించండి. అరుపు పెరిగితే బెల్టు జారుతోంది. అరుపు కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు, అంటే బెల్టు తిరిగే చక్రాలు, ఒక వరుసలో లేనట్టు. అప్పుడు కొత్త బెల్టూ అరుస్తుంది.

గాడులు అద్దంలా మెరిసినా, ఆయిల్ తగిలినా, పగుళ్లొచ్చినా మార్చాల్సిందే. ఇప్పటి బెల్టుల్లో వాడే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు పగలకుండానే టైరులా అరుగుతుంది, పైకి బాగుందని నమ్మొద్దు.

అరుపు ఆపడానికి బెల్టు మీద కొట్టే జిగురు స్ప్రే మాత్రం కొట్టించుకోవద్దు. ఆ జిగురుకు మన దుమ్మంతా అంటుకుంటుంది.

బెల్టు తెగితే ఛార్జింగ్ పోతుంది. వాటర్ పంపూ దానిమీదే తిరిగే బండైతే ఇంజన్ కాగిపోతుంది. మే ఎండలో గుత్తి దారిలో ఆగిపోయే కంటే నేనైతే మార్పించేస్తాను.